మూడోసారి అడగని డోనా

నలభై తొమ్మిదేళ్ల జీవితంలో ఎవరు ఏ సాయం చేస్తామన్నా మొదటిసారే ‘సరే’ అన్న పాపాన పోలేదు వెర్లిన్ హాగెన్. అమెరికాలో చలి రాష్ట్రమైన మిన్నెసోటాలో వాళ్ల ఊరి మర్యాద అది. ఇచ్చేవాళ్లు మూడుసార్లు అడగాలి, పుచ్చుకునేవాళ్లు రెండుసార్లు వద్దనాలి. దీన్ని వినయమంటారు. నిజానికిది కాఫీ చల్లార్చుకుని తాగే పద్ధతి.

ఆ ఏడు వేసవిలో, నేలకింద ఉన్న గదిని పడకగదిగా చేసిస్తానని పెద్దకూతురు ఆనికాకి మాటిచ్చాడు. పదిహేనేళ్ల పిల్ల, ఇద్దరు చెల్లెళ్లతో ఒకే గదిలో అవస్థ పడుతోంది. ఇంటిల్లిపాదీ పనిలోకి దిగారు. వెర్లిన్ చెక్క చట్రాలు నిలబెట్టాడు, భార్య మార్లిస్ వాటికి గోడపలకలు బిగించింది, పిల్లలు గోడకి సగం, ఒకరికొకరు సగం రంగు పూశారు. ఇక మిగిలింది కిటికీ. నేలకింద ఎవరైనా పడుకోవాలంటే మనిషి దూరి బయటపడేంత కిటికీ ఉండి తీరాలని నియమం. అందుకు ఇంటి బయట గోడవారన నిలువెత్తు గొయ్యి తవ్వాలి. కాంక్రీటు గోడ కోసే మనిషి నవంబరు మొదటి శనివారం వస్తానన్నాడు. అప్పటికి గొయ్యి సిద్ధంగా లేకపోతే ఆపైన చలికి నేల గడ్డకట్టి తవ్వడం కుదరదు, ఆనికా వసంతం దాకా చెల్లెళ్ల మధ్యే.

పక్కింటి డోనా ఫెరెల్లి న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చింది. తోటలు వేయడం ఆవిడ పని. మట్టి తవ్వే చిన్న బండి ఉంది.

“ఏమండీ వెర్లిన్, నా బండి తెచ్చి తవ్వేయనా? గంట పని.”

“అబ్బే, మీకెందుకండీ శ్రమ.”

“నిజంగానే వద్దా?”

“పర్లేదండీ, ఒంటికి వ్యాయామం.”

“మీ ఇష్టం,” అని ఆవిడ లోపలికెళ్లిపోయింది.

వెర్లిన్ పార పట్టుకుని ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు. తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఎనిమిది రోజులు తవ్వితే మోకాలి లోతు వచ్చింది, మిగతాదంతా బండరాళ్లే.

“డోనా రెండుసార్లే అడిగింది, మార్లిస్! ఇదేం మనిషి!”

“వద్దన్నావు, వద్దనుకుంది. న్యూజెర్సీ వాళ్లకి వద్దంటే వద్దనే.”

“నాన్నా, నేను కాలేజీకి వెళ్లేలోగా అవుతుందా?” అంది ఆనికా.

ఆ మాట గుచ్చుకుంది. గురువారం పొద్దున్నే వెళ్లి డోనా తలుపు తట్టాడు. చలి గురించి మాట్లాడాడు. ఆవిడ కుక్కని మెచ్చుకున్నాడు. వాననీటి గొట్టం భేషుగ్గా ఉందన్నాడు.

“ఇంతకీ మీకేం కావాలి?” అంది డోనా.

“మీ బండి. అంటే... కొంచెం సాయం.”

“ఇన్నాళ్లూ ఆగారెందుకూ?”

“మళ్లీ అడుగుతారేమోనని.”

“రెండుసార్లు అడిగాగా!”

“మూడోది బాకీ ఉందండీ.”

డోనా తలుపు పట్టుకుని పడీపడీ నవ్వింది. యాభై నిమిషాల్లో గొయ్యి తవ్వేసింది. శనివారం గోడ కోశారు, కిటికీ బిగించారు. సోమవారం తనిఖీకొచ్చిన అధికారి ఎదుటే ఆనికా దుప్పటీ చంకన పెట్టుకుని కిటికీలోంచి బయటికి పాకింది. ఆయన సంతకం పెట్టేశాడు.

గొయ్యి గట్టున నిలబడి డోనా అడిగింది: “మంచం కిందికి దింపాలిగా, ఓ చెయ్యి వేయనా?”

“వేయండి,” అన్నాడు వెర్లిన్.

మార్లిస్ గబగబా వచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.