నిన్నటి ధర్నాలో మా ఆవిడ

ఈ ఉదయం పేపర్లో ఒక వార్త చూశాను. నరసరావుపేటలో మా అమ్మాయి చదివే కాలేజీలో హాస్టల్ నీళ్ల కోసం నిన్న ధర్నా జరిగిందట. ముందుండి నడిపింది మా అమ్మాయట. నిన్నంతా తను ఇంట్లో నా ఎదురుగానే కూర్చుని పరీక్షలకు చదువుకుంది.

పదింటికి ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, హాల్ టికెట్ ఆపేశామన్నారు. నిన్న ఆయన కూడా ఊళ్లో లేరు. పేపరు చూసే తెలుసుకున్నారు.

బస్టాండు టీ కొట్టు దగ్గర ఆ వార్త రాసిన రిపోర్టరు దొరికాడు.

“ధర్నా దగ్గరికి పోయావా అబ్బాయ్?”

“ఏడ కుదిరిద్ది బాబాయ్? నడికుడిలో పెళ్లికి పోయా. ఎవరో ఫోన్ చేసి ధర్నా అన్నారు. పోయినేడాది వార్తే తేదీ మార్చి పంపా. అప్పుడూ నీళ్ల గొడవే గదా!”

“మరి పేర్లు?”

“అయ్యీ పాతయ్యే. ఫొటో కూడా. చానా బాగా వచ్చింది, చూడలేదా?”

అప్పుడు సరిగ్గా చూశాను. అమ్మాయిల వెనక, గేటు పక్కన, క్యారియర్ పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. ఆమె పోయి నాలుగు నెలలైంది.

ఆ పేపరు ప్రిన్సిపాల్ ముందు పెట్టి, ఆమెను వేలితో చూపించాను. ఆమె పోయినప్పుడు ఆయన పరామర్శకు మా ఇంటికి వచ్చిన మనిషే. సొరుగు తీసి హాల్ టికెట్ ఇచ్చేశారు.

ఇలాంటి రిపోర్టరును ఏమనాలో మీరే చెప్పండి. రేపు సవరణ వేస్తానన్నాడు. అమ్మాయి పేరు తీసేయమన్నాను. ఫొటో మళ్లీ వేసినా నాకు అభ్యంతరం లేదన్నాను.