కచేరీకి ముందు రెండు మాటలు

మొన్న ఒక ఉదయం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, పక్కన ఫోనులో ఒక విద్వాంసురాలి తోడి రాగాలాపన పెట్టుకుని వింటున్నాను. ఆవిడ మెల్లమెల్లగా మెట్టు మీద మెట్టు ఎక్కి, పైస్థాయిలో ఒక స్వరం మీద నిలబడి, ఇక దిగుతుందా ఇంకా పైకి పోతుందా అని నేను కాయను చేతిలోనే పట్టుకుని ఊపిరి బిగబట్టిన క్షణంలో, ఎవడో ఊడిపడి, గోడలకు ఏ రంగు వేసుకుంటే వానకు వెలిసిపోదో చెప్పడం మొదలుపెట్టాడు. నాకొచ్చిన కోపానికి ఒళ్ళో ఉన్న చాట కాస్తా కిందపడింది. వరండాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన తల కూడా ఎత్తకుండా, "ఏం, మీ ప్రిన్సిపాల్ సారు మళ్ళా మైకు పట్టుకున్నాడా?" అన్నారు.

అంతే, రంగుల వాడి మీద కోపం కాస్తా అటు మళ్ళింది. ఆ పెద్దమనిషి పోయి ఎన్నో ఏళ్ళయినా ఆయన మీద నా విసుగు ఇంకా చల్లారలేదంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు గానీ, నా ఈడువాళ్ళు నవ్వరు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనలో ప్రతి ఒక్కరికీ అలాంటి వారొకరు తగిలే ఉంటారు. కాదనలేము, కసురుకోలేము, పోనీ చెడ్డవాడని తిట్టుకుందామా అంటే అందుకూ అవకాశం ఇవ్వరు.

చిత్తూరులో ఊరివాళ్ళంతా తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న కాలేజీ మాది. అందులో నేను వృక్షశాస్త్రం చెప్పే కొత్త లెక్చరర్ని, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా ఆయనకు పాకాల స్టేషన్లో ఉద్యోగం. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, ఆదివారం రాత్రికి మళ్ళీ వెళ్ళిపోయేవారు. కాబట్టి కొత్తగా పెళ్ళయిన నాకు శనివారం సాయంత్రమంటే ఎంత విలువో వేరే చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ సాయంత్రం మీదే మా ప్రిన్సిపాల్ గారి కన్ను పడింది. ఈ చలికాలమంతా ప్రతి శనివారమూ మన కాలేజీ హాల్లో శాస్త్రీయ సంగీత కచేరీ జరుగుతుంది, ఊళ్ళో ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు అని ప్రకటించి, దానికి కార్యదర్శిగా నా పేరు చదివారు. ఉద్యోగానికి మాట్లాడటానికి వచ్చినప్పుడు సంగీతం వచ్చా అని అడిగితే, చిన్నప్పుడు గీతాల వరకు నేర్చుకున్నానని నోరు జారాను. ఆయన దాన్ని మరిచిపోలేదు.

ఆయన లెక్కల మాస్టారు. పల్లెలో చెరకు పండించుకునే ఇంట పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు. ఒక్క స్వరం పాడటం రాదు గానీ సంగీతమంటే ప్రాణం. అందులో నాకే అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా, ఆ ప్రాణం గురించి ఆయన మాట్లాడకుండా ఉండలేకపోవడమే. గాయకులు వేదిక మీద కూర్చుని, తంబూరా శ్రుతి కలిసి, మృదంగం ఆయన వేళ్ళు విరుచుకుని సిద్ధంగా ఉన్న సమయానికి ఈయన లేచి, మైకు ముందుకొచ్చి, "రెండే రెండు మాటలు" అనేవారు. ఆ రెండు మాటలు త్యాగయ్య కాలంలో మొదలై, రాగానికీ గణితానికీ ఉన్న చుట్టరికం మీదుగా, ఈయన చిన్ననాటి బడి దాకా వచ్చి, బల్లలు వేసినవారికీ మంచినీళ్ళ కుండ పెట్టినవారికీ ధన్యవాదాలు చెప్పి, ఇక అయిపోయిందనుకుని మేం చప్పట్లకు చేతులెత్తేసరికి "అన్నట్టు" అని మళ్ళీ త్యాగయ్య దగ్గరికే పోయేవి. ఈలోగా చలికి తంబూరా శ్రుతి దిగిపోయేది. అది మళ్ళీ సరిచేసుకుంటుంటే, ఆ ఖాళీలో కూడా ఆయన ఒక చిన్న విషయం చెప్పేవారు.

పోనీ చలి తగలకుండా తలుపులు మూద్దామంటే ఒప్పుకునేవారు కాదు. హాలు తలుపులన్నీ బార్లా తెరిచే ఉండాలని పట్టు. ఆ తలుపుల్లోంచి చలిగాలి, దోమలు, రోడ్డు మీది లారీల హారన్లు వచ్చేవి. ఒక శనివారం ఒక కుక్క కూడా లోపలికొచ్చి, పాట అయ్యేదాకా మృదంగం ఎదురుగా కూర్చుని మరీ వెళ్ళింది. మా ఆయన రైలు దిగి నేరుగా హాలుకే వచ్చి, వెనక వరసలో గోడకు తల ఆనించి, శ్రుతి కలవకముందే నిద్రపోయేవారు. ప్రసంగం మొదలైనా లేచేవారు కాదు, కచేరీ ముగిసినా లేచేవారు కాదు. నా శనివారాలన్నీ అలా మాటలు చెప్పే ఒక మగమనిషికీ నిద్రపోయే ఒక మగమనిషికీ మధ్య నలిగిపోయాయి.

ఆ చలికాలంలో చివరి కచేరీకి తమిళదేశం నుంచి ఒక పెద్దావిడ రావడానికి ఒప్పుకున్నారు. మన తరంవాళ్ళకు ఆవిడ గొంతు తెలియకుండా ఉండదు, రేడియోలో విని పెరిగినవాళ్ళమే. ఈ కబురు తెలిసి, పుత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా నాయన బస్సెక్కి వచ్చేశాడు. మా నాయన సేద్యగాడు, సంగీతం గురించి ఏమీ తెలియదు. కానీ వయసులో ఉన్నప్పుడు పంచాయతీ రేడియోలో ఆవిడ పాడిన మోహన రాగం కీర్తన ఒకటి విని, అది ఎప్పుడొస్తుందోనని ఏళ్ళ తరబడి సాయంత్రాలు పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చున్నవాడు. అప్పటికే ఒక చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి కూడా నిలవదని డాక్టరు చెప్పేశాడు. "అది పొయ్యేలోపల ఆయమ్మ పాట ఒకసారి ఎదురుగా కూర్చోని ఇనల్ల పాపా" అన్నాడు, ఇంట్లో అడుగు పెట్టగానే. ఉతికిన పంచె కట్టి, తలపాగా చుట్టుకుని, మొదటి వరసలో కుడిచెవి వేదిక వైపుకు వచ్చేటట్టు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు.

పెద్దావిడకు ఆ రాత్రే తిరుగు రైలు. భోజనాల వేళకు మా స్టేషనుకు వచ్చే బండి పట్టుకుంటే తప్ప మర్నాడు పొద్దున తమ ఊళ్ళో ఉన్న పెళ్ళికి అందుకోలేరు. ఆ మాట నేను ప్రిన్సిపాల్ గారికి పొద్దున చెప్పాను, మధ్యాహ్నం చెప్పాను, వేదిక మెట్లెక్కుతుండగా కూడా చెప్పాను. "నాకు తెలీదామ్మా, ఈరోజు రెండే రెండు మాటలు" అన్నారు.

ఆవిడ వేదిక మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఈయన మాట్లాడారు. త్యాగయ్య అయ్యాడు, గణితం అయ్యింది. ఆవిడ కళ్ళు తెరిచి గోడ గడియారం చూశారు. ఈయన తన కుర్రతనంలోకి వెళ్ళి, కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆవిడ కచేరీ ఉందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా పల్లె నుంచి బయల్దేరిన కథ ఎత్తుకున్నారు. ఆవిడ నన్ను సైగ చేసి పిలిచారు. దగ్గరికి వెళ్ళి వంగితే, మైకుకు వినబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమ్మా, ఈరోజు పాడేది నేనా, మీ సారా? ఏదో ఒకటి సెప్పేస్తే నేను పోయి రైలెక్కుతాను కదా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వెళ్ళి మైకు అతనితో మైకు కట్టేయమన్నాను. కట్టేశాడు. ప్రిన్సిపాల్ గారు కరెంటు పోయిందనుకుని, అంత పెద్ద హాలుకూ వినబడేటట్టు గొంతు పెంచి చెప్పసాగారు. అప్పటిదాకా కాస్త కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచారు, ఒక్క మా ఆయన తప్ప. ఇక నాకు దారి తోచక, పెద్దావిడకు కప్పడానికని పళ్ళెంలో పెట్టిన శాలువ తీసి మా నాయన చేతిలో పెట్టి, కుడిచెవిలో, "నాయనా, పోయి ఆ సారుకు ఈ శాలువ కప్పేసి రా" అన్నాను. మా నాయన నావైపు చూసి, "కప్పల్సిందే పాపా" అని లేచాడు.

తలపాగా సర్దుకుని, గుడిలోకి పోయినట్టు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మెల్లగా వేదిక ఎక్కాడు. ప్రిన్సిపాల్ గారు అప్పుడే, "కచేరీ జరిగే చోట గేటు దగ్గర నన్ను ఆపేశారు. అప్పుడు నేను..." అంటున్నారు. మా నాయన ఆ మాటకు అడ్డంగా శాలువ విప్పి, ఆయన భుజాల చుట్టూ కప్పి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అంతే, ఆయన నోట మాట ఆగిపోయింది. చేలో పనిచేసి బండబారిన ఆ చేతులు చూసి ఆయనకు ఎవరు గుర్తొచ్చారో ఏమో, ఒంగి మా నాయన కాళ్ళకు దండం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నారు. అయిపోయిందన్న సంతోషంతో వెనక పిల్లలు హాలు దద్దరిల్లేటట్టు చప్పట్లు కొట్టారు. ఆ చలికాలంలో ఏ పాటకూ అన్ని చప్పట్లు పడలేదు.

శాలువ ఆయనకు పోయిందని నేను చేతులు నలుపుకుంటూ క్షమించమంటే పెద్దావిడ నవ్వి, "శాలువలు మా ఇంట్లో బీరువా నిండా ఉండాయి లేమ్మా. మంచి పని సేసింది అది ఒకటే" అని పాట ఎత్తుకున్నారు. ఏం గొంతు అది, ఆ వయసులో! కానీ రెండు కీర్తనలు అయ్యేసరికి మళ్ళీ గడియారం చూసి, ఇక మంగళం పాడేస్తానన్నారు. మోహన రాగం ఊసే లేదు. మా నాయన ముఖం చూడలేక, స్టేషనుకు బండి మాట్లాడమని చెప్పడానికి వెనక వరసకు పరుగెత్తి మా ఆయనను కుదిపి లేపాను. ఆయన కళ్ళు నులుముకుంటూ, "ఏ బండి? ఆమె ఎక్కే రైలా? అది గంటన్నర లేటు. నేను పాకాలలో బయలుదేరేటప్పుడే తెలుసు" అన్నారు.

మరి ముందే ఎందుకు చెప్పలేదని నేను పళ్ళు కొరికితే, "నన్ను ఎవరడిగినారు?" అన్నారు. ఆ జవాబుకు ఆయనను నేను ఈరోజుకూ క్షమించలేదు.

నేను వేదిక దగ్గరికొచ్చి, రైలు ఆలస్యమని అందరికీ వినబడేటట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది, శాలువ సర్దుకుని లేచి మైకు వైపు నడిచారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు పెద్దావిడే చెయ్యి చాచి, ఆయనను తన వెనక కూర్చోమన్నారు. శిష్యురాలి చేతిలోని తంబూరా తీసి ఆయన ఒళ్ళో నిలబెట్టి, వేళ్ళు పట్టుకుని తీగలు ఎలా మీటాలో చూపించి, "ఇది ఆపకూడదు. ఆపితే నా పాట ఆగిపోతుంది" అన్నారు. ఆయన ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఆ తర్వాత నేను మా నాయన చెవి సంగతి చెబితే, అతన్ని కూడా పైకి తెమ్మన్నారు. కుడిచెవి ఆవిడ వైపు పెట్టుకుని మా నాయన వేదిక అంచున కూర్చున్నాడు. ఏ పాట కావాలని అడిగితే, సిగ్గుపడుతూ మొదటి మాట మాత్రం చెప్పాడు. ఆవిడ అది పాడారు. ఎంతసేపు పాడారో నాకు తెలియదు. మా నాయన కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు, ఆవిడ నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక ప్రిన్సిపాల్ గారు, భుజాన జారిపోతున్న శాలువను కూడా సర్దుకోకుండా, కళ్ళనీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, తీగలు మీటుతూనే ఉన్నారు.

ఇంటికి నడుస్తూ, పాట బాగా వినబడిందా నాయనా అని అడిగాను. "ఇనపడింది పాపా, తృప్తిగా ఇన్నాను" అని కొంత దూరం నడిచి, "కానీ, ఆ సారును గేటుకాడ ఆపినారంటనే, ఆ పైన ఏమైందంట? లోపలికి పోయినాడా లేదా? నువ్వు తొందరపడి నన్ను పంపిస్తివి, కథ నడిమధ్యలో నిలిచిపాయ" అన్నాడు. ఆ హాల్లో ఆ ప్రసంగాన్ని మనసుపెట్టి విన్నది బహుశా మా నాయన ఒక్కడే. శాలువ కూడా నిజంగా మెచ్చుకునే కప్పాడు. నేను తల పట్టుకున్నాను. తెలుసుకొని చెబితే గానీ ఊరికి పోనని కూర్చున్నాడు.

సోమవారం పొద్దున ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని గుండెతో, మా నాయన అడగమన్నాడని అడిగాను. కూర్చోమన్నారు. ఆరోజు గేటు దగ్గర టికెట్టు లేదని తరిమేశారట. గోడ పక్కన నిలబడి విందామంటే, చలికాలం కావడంతో లోపల తలుపులన్నీ మూసేశారట. అటునుంచి గాలి వీచినప్పుడు ఒక ముక్క, వీచనప్పుడు అదీ లేక, చివరిదాకా అలాగే నిలబడి, పల్లెకు నడిచి వెళ్ళిపోయారట. "ఆ పొద్దు నేనేం పాట ఇన్నానో నాకిప్పటికీ తెలీదమ్మా" అన్నారు. హాలు తలుపులు ఎందుకు మూయనిచ్చేవారు కాదో నాకు అప్పుడు గానీ తెలియలేదు. ఇంతటి సంగతిని రెండు మాటల్లో చెప్పాల్సిన మనిషి, దాన్ని త్యాగయ్య వెనకా గణితం వెనకా దాచిపెట్టి మమ్మల్ని అంతలా వేపుకు తినడమేమిటని నాకు మళ్ళీ విసుగే వచ్చింది. నేను లేస్తుంటే, "మీ నాయన మనసారా కప్పినాడు. పంపించింది మాత్రం నువ్వని నాకు తెలుసు" అన్నారు. ఆ వేసవిలో నా ఉద్యోగం ఖాయమైంది.

మరుసటి చలికాలం వచ్చేసరికి ఆయన పదవీ విరమణ చేశారు. తర్వాత వచ్చినవారు ఈ తలనొప్పి మనకెందుకన్నారు, నేనూ హమ్మయ్య అనుకున్నాను. అప్పటికి మా నాయన కుడిచెవి కూడా పోయింది. కచేరీలు లేని మొదటి శనివారం మా ఆయనా నేనూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని, దీపాల వేళ దాటేసరికి మాట్లాడుకోవడానికి ఏమీ తోచక, బజారుకైనా పోదామా అని లేచాం.

ఇప్పుడు మేం తిరుపతిలో ఉంటున్నాం. సంగీతానికి లోటేమీ లేదు. పోయిన నెల ఒక కచేరీకి వెళ్ళాను. మెత్తటి కుర్చీలు, చల్లటి హాలు, అనుకున్న నిమిషానికి మొదలై అనుకున్న నిమిషానికి ముగిసింది. ఒక అమ్మాయి వచ్చి గాయకుడి పేరు చెప్పి వెళ్ళిపోయింది. అతను చక్కగా పాడాడు, ఎక్కడా శ్రుతి తప్పలేదు, ఎవరూ ఎవరినీ విసిగించలేదు. మునుపు ఒక్కో కచేరీ నుంచి వచ్చాక సారును తిట్టుకుంటూ, మైకును తిట్టుకుంటూ, మధ్యమధ్యలో ఆ పాటను తలుచుకుంటూ అన్నాలు చల్లారిపోయేదాకా చెప్పుకునేవాళ్ళం. ఆరోజు ఇంటికి రాగానే మా ఆయన తలుపు తీసి, కచేరీ ఎట్లుండాదని అడిగారు. బాగుందన్నాను. ఇంకా ఏదో చెబుతానని ఆయన కాసేపు అక్కడే నిలబడ్డారు గానీ, చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.