కుతుబ్ మీనార్‌కి ఒక టిక్కు

నిన్న విజయవాడ నుంచి మా మేనకోడలు ఢిల్లీలో చూడవలసిన ప్రదేశాల పట్టిక ఒకటి పంపింది. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, లోధీ తోట, ఓఖ్లా దగ్గర పక్షులు. ఇన్నేళ్లుగా అక్కడే ఉన్నావుగా మామయ్యా, చూసినవాటికి టిక్కు పెట్టు అంది. ఇలాంటి పట్టికలంటే నాకు ఒళ్లు మంట. ఊరు చూడ్డమంటే వీళ్లకి నెల సరుకులు తెచ్చుకోవడమే. అలా విసుక్కుంటుంటే సివిల్స్ కోచింగ్ రోజుల్లో ఢిల్లీలో మేమున్న ముఖర్జీ నగర్ గదీ, అందులో అన్నయ్యా గుర్తొచ్చారు.

సొంత అన్నయ్య కాదు. గుంటూరు వైపు మనిషి, సివిల్స్‌కి మా అందరికంటే ముందునుంచీ చదువుతున్నాడు కాబట్టి గదిలో అందరికీ అన్నయ్యే. కిటికీ లేని ఆ గది గోడ నిండా కోటల బొమ్మలు అంటించి, ఏ కమాను ఎవరు కట్టించారో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వాటిలో ఒక్కదాన్నీ చూసిన పాపాన పోలేదు. సెలెక్టయ్యాకే చూస్తానని మొక్కు! ఎవరైనా ఆదివారం లోధీ తోటకి పోదామంటే, టూరిస్టులొచ్చారండీ అని వారం పాటు ఎద్దేవా చేసేవాడు. ఆ వెటకారానికి జడిసి మేమూ కదిలేవాళ్లం కాదు. నడిచిపోయేంత దూరంలో రిడ్జ్ అడవి ఉందని మాకు తెలుసు, పర్యావరణం పాఠం కోసం తెలుసు. గాడిదల మంద, నాతో సహా.

ఆఖరి ప్రయత్నంలో అన్నయ్య ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు. మనసు బాగాలేనప్పుడు ఢిల్లీలో ఎక్కడికెళతారని అక్కడో పెద్దావిడ అడిగిందట. కుతుబ్‌కి అన్నాడు. అక్కడ కూర్చుంటే ఏం కనిపిస్తుందని అడిగితే, కట్టించిన రాజుల పేర్లు వరసగా అప్పజెప్పాడు. ఫలితాల్లో అతని పేరు లేదు. మాకు లోపల్లోపల సంతోషమే వేసింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఊరెళ్లిపోయే రోజు పొద్దున్నే సామాను కట్టుకుని నా మంచం పక్కన నిలబడ్డాడు.

"రైలు సాయంత్రం కదరా. కుతుబ్ దాకా వెళ్లొద్దాం రా. ఒక్కణ్నే పోవాలంటే ఏదోలా ఉంది."

"రేపు టెస్టుంది. నువ్వూ టూరిస్టువైపోయావా అన్నయ్యా?" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఒక్కడే వెళ్లాడు. ఆ తరవాత నాకెప్పుడూ ఫోను చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆ టెస్టు దేనిమీదో ఇప్పుడు గుర్తు లేదు. సివిల్స్ నాకూ రాలేదు. గుర్గావ్ ఆఫీసుకి రోజూ మెట్రోలో కుతుబ్ స్టేషన్ మీదుగానే పోతాను, ఫోను చూసుకుంటూ. మేనకోడలి పట్టికలో అన్నిటికీ టిక్కు పెట్టి పంపేశాను. ఆ రాళ్లు ఏ కాలం నాటివో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను, అన్నయ్య అడిగిన ఆ ఒక్క పూటే నా దగ్గర లేకపోయింది.