మామయ్య బండల మీద నేను పోసిన యాసిడ్

ఆ రోజుల్లో గురజాల బజారులో దొరకని వస్తువంటూ ఉండేది కాదు. కారణం చెప్పకుండా దొరికే వస్తువు కూడా ఉండేది కాదు. చాకలి సోడా, బ్లీచింగు పొడి, తుప్పు వదిలించే నూనె, చీమల మందు, యాసిడ్, ఏది అడిగినా కొట్టాయన ముందు మన ముఖం చూసేవాడు, తరవాత చేతిలో సంచి చూసేవాడు, అప్పుడు "ఎందుకూ?" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. డబ్బులిచ్చి కొనుక్కునేదానికి ఈయనకి సంజాయిషీ ఏమిటని. మొన్న మా ఫ్లాట్‌లో వంటింటి తూము మూసుకుపోతే కింద ఉన్న పెద్ద దుకాణానికి వెళ్లాను. పుర్రె బొమ్మ వేసిన సీసాలు బారులు తీరి ఉన్నాయి, ఎర్రవి, నీలంవి, నిమ్మకాయ వాసనవి. చేతికందింది తీసుకుని బయటికొచ్చేశాను. బిల్లు కొట్టిన పిల్ల నా ముఖం వంక కూడా చూడలేదు. మెట్లెక్కుతుంటే దిగులేసింది. ఇంత విషం పట్టుకుని పోతున్నాను, ఒక్కళ్లూ అడగలేదే అనిపించింది. (మా ఆయనతో అంటే, "తూము బాగుచేసుకోడానికి కొన్నావు, దానికి పరామర్శ కూడా కావాలా?" అన్నాడు. ఆయనది మా వైపు కాదు, ఆయనకి చెప్పినా తెలియదు.)

నేను బియస్సీ, బీయెడ్ చేసి గురజాలలో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా మేనత్త ఇల్లు ఆ ఊళ్లోనే కావడంతో ఉండటానికి వేరే చోటు వెతుక్కునే పని లేకపోయింది. అత్త నోరున్న మనిషి. మామయ్యకి నోరున్నదని అన్నం తినేటప్పుడు తప్ప తెలిసేది కాదు. ఆయన వయసులో ఉన్నప్పుడు మాచర్ల దగ్గర బండల మిల్లులో పనిచేసి, పెళ్లయ్యాక మిర్చి సేద్యంలోకి దిగాడు. ఇల్లు కట్టుకునేటప్పుడు మాత్రం నాపబండలు తనే ఏరుకుని, తనే పరిచి, ఎండాకాలమంతా మోకాళ్ల మీద కూచుని పాలీషు రాయితో రుద్దాడట. ఆ హాల్లో బండలు ఎంత నల్లగా, ఎంత నున్నగా ఉండేవంటే అత్త అద్దం కోసం లేవడానికి బద్ధకించి వాటిలోనే బొట్టు సరిచూసుకునేది. మామయ్య మధ్యాహ్నం పూట చొక్కా విప్పేసి, చాప కూడా లేకుండా వాటిమీద వెల్లకిలా పడుకునేవాడు. సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే, "అమ్మాయ్, ఇయ్యాల ఏం పాఠం చెప్పావు?" అని అడిగేవాడు. ఆయన చదివింది అయిదో తరగతి. నేను ఆయన పక్కన గోడకి చేరగిలబడి ఆ రోజు పాఠమంతా మళ్లీ చెప్పేదాన్ని. క్లాసులో నలభై మంది పిల్లలు వినని పాఠం ఆయన ఒక్కడు కళ్లు మూసుకుని వినేవాడు. కొత్త ఊళ్లో, కొత్త ఉద్యోగంలో, రోజూ ఏడుపు ఆపుకుంటూ ఇంటికొచ్చే నాకు ఆ ఒక్క ప్రశ్నే ఆధారం.

ఉగాది ముందు ఈపూరులో ఎవరిదో పెళ్లుంటే అత్తా మామయ్యా మూడు రోజులు వెళ్లారు. వెళ్తూ వెళ్తూ అత్త, "వెల్ల వేసేవాడు ఈసారీ ఎగ్గొట్టాడు, గోడలన్నీ మసిబారి చస్తున్నాయి" అని గొణిగింది. అంతే, నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. వీళ్లు తిరిగొచ్చేసరికి హాలు తెల్లగా మెరిసిపోవాలి, అత్త ముక్కున వేలేసుకోవాలి. పిడుగురాళ్ల సున్నం పెరట్లో కుండలో నాని సిద్ధంగా ఉంది. గోడకి పట్టి ఉండాలని అందులో జిగురు కలుపుతారని తెలుసు గానీ ఎంత కలుపుతారో తెలియదు. ఉన్నదంతా పోశాను. కింద పాత పేపర్లు పరిచాను. చెమట పోస్తోందని ఫ్యాను వేశాను. (ఈ మూడు వాక్యాలూ వరసగా చదివితే ఎవరికైనా జరగబోయేది అర్థమవుతుంది. చేస్తున్నప్పుడు నాకు అర్థం కాలేదు.) పేపర్లు ఎగిరి మూలకి పోయాయి, నేను కుర్చీ మీద నిలబడి పైకి చూస్తూ కుంచె ఆడించాను. దిగి చూసేసరికి గోడ మీద పడాల్సినదాంట్లో సగం మామయ్య బండల మీద ఉంది. తెల్లారి కొబ్బరిపీచుతో రుద్దాను, ఉప్పుతో రుద్దాను, చివరికి గోళ్లతో గీకాను. జిగురు తన పని తాను చక్కగా చేసింది.

అప్పుడు నాలోని బియస్సీ నిద్ర లేచింది. సున్నం క్షారం. క్షారానికి విరుగుడు ఆమ్లం. కాబట్టి యాసిడ్ కావాలి. లోకంలో ఇంతకంటే తిరుగులేని ఆలోచన లేదనుకుని సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరాను. కిరాణా కొట్టాయన, "యాసిడ్ లేదమ్మాయ్. ఇత్తడి సామానుకైతే చింతపండు తీసుకుపో, కొత్తది వచ్చింది" అన్నాడు. రంగుల కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "యాసిడ్ ఆడపిల్లల చేతికియ్యం. మీ మామని రమ్మను" అన్నాడు. ఇక మిగిలింది ఇనప సామాను కొట్టు. దాని యజమానిని ఊరంతా ఆరాల బాబాయి అనేవాళ్లు. మేకు అడిగినా ఏ గోడకి, ఎవరి ఫోటోకి అని ఆరా తీయనిదే ఇచ్చేవాడు కాదు.

"ఏందమ్మాయ్, యాసిడా? ఎందుకు?"

"మరుగుదొడ్డి కడగడానికి బాబాయ్."

"మరుగుదొడ్డికేనా? ఇంకా దేనికైనానా?"

"మరుగుదొడ్డికే."

నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. టీచరమ్మకి వెల్ల వేయడం కూడా రాదని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటుందని భయం. ఆయన లోపలికెళ్లి రబ్బరు బిరడా పెట్టిన సీసా తెచ్చి, సంచిలో తనే నిలబెట్టి పెట్టి, "కళ్లల్లో పడేను, దూరంగా ఉండి పొయ్యి. చీపురుతో రుద్ది నీళ్లు కొట్టు. ఇంట్లో ఇంక దేనిమీదా పొయ్యబాక" అన్నాడు. ఆ చివరి మాటని నేను ముసలాళ్ల చాదస్తం కింద జమకట్టాను.

ఇంటికొచ్చి కొంగు ముక్కుకి కట్టుకుని, అన్నిటికంటే పెద్ద మరక మీద పోశాను. బుస్సుమని పొంగింది. ఆహా, పొంగుతోందంటే పనిచేస్తోందన్నమాట అని ఇంకాస్త పోశాను. నురగ తగ్గాక నీళ్లు కొట్టి తుడిచాను. సున్నం మచ్చుకైనా లేదు. దానితోపాటు బండ నలుపూ లేదు, నునుపూ లేదు. అన్నం పళ్లెమంత మేర బూడిద రంగులోకి తిరిగి, చెయ్యి పెడితే గరగరలాడుతోంది. మామయ్య ఇక నాతో మాట్లాడడని ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. అరవడు, తిట్టడు. అదే భయం. సాయంత్రం పూట అడిగే ఆ ప్రశ్న అడగడం మానేస్తాడు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకేముంది?

మిగతా మచ్చలు ఎలా వదిలించానో అడగకండి. కత్తిపీట మొనతో ఒక్కొక్కటీ గీకాను, ఒక పూట పట్టింది. బూడిద మచ్చకి మాత్రం వైద్యం దొరకలేదు. కొబ్బరినూనె రాస్తే నల్లబడింది, గంటకి మళ్లీ పాలిపోయింది. చివరికి స్కూలు బూట్ల పాలీషు డబ్బా తెచ్చి, సగం డబ్బా దట్టంగా పట్టించి, గుడ్డతో మెరుగుపెట్టాను. దూరం నుంచి చూస్తే అచ్చం బండలాగే ఉంది. నా తెలివికి నేనే పొంగిపోయాను.

మూడో రోజు పొద్దున అత్త బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. బస్టాండులోనే ఎవరో, "మీ మేనకోడలు యాసిడ్ కోసం బజారంతా తిరిగింది, ఏంది సంగతి?" అన్నారట. వస్తూనే నా రెండు భుజాలూ పట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవడే వాడు?" అంది.

"ఎవడత్తా?"

"వాడెవడో చెప్పవే, మీ నాన్నతో నే మాట్లాడతా. దీనికి యాసిడ్ దాకా ఎందుకే తల్లీ!"

ఎవడూ లేడనీ, మరుగుదొడ్డి కడగడానికనీ చెప్పి నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అత్త వెంటనే పెరట్లోకెళ్లి చూసి, "ఏమే, ఇది ఎప్పట్లాగే ఉందేందే?" అని అక్కడినుంచే కేకేసింది. నేను వినపడనట్టు వంటింట్లోకి తప్పుకున్నాను. గోడల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం మామయ్య అన్నం తిన్నాడు. చొక్కా విప్పాడు. హాలంతా వదిలేసి సరిగ్గా అక్కడే పడుకున్నాడు. నేను వంటింటి గడపలో నిలబడి, లేపనా, లేపితే ఏమని చెప్పను అని గంటసేపు చేతులు నలుపుకుంటూ ఉండిపోయాను. ఆయన లేచి, నీళ్లు తాగడానికి కుండ దగ్గరికి వెళ్తుంటే వెనకనుంచి అత్త కెవ్వుమంది.

"ఏవయ్యో, ఏందయ్యా ఆ వీపు? తారు డబ్బాలో పొర్లావా?"

మామయ్య వీపు తడుముకుని చెయ్యి చూసుకున్నాడు, వాసన చూశాడు. వెళ్లి, తాను పడుకున్న చోట గొంతుక్కూచుని తుండుగుడ్డతో బండని తుడిచాడు. పాలీషు కింద నుంచి నా మచ్చ బూడిద రంగులో బయటపడింది. అరచెయ్యి దానిమీద ఆనించి, అలాగే ఉంచాడు. నాకు ఏడుపు ఆగలేదు. వెల్ల దగ్గర్నుంచి బూట్ల పాలీషు దాకా వెక్కుతూ మొత్తం చెప్పేశాను. అత్త, "చదువుకున్న పిల్లవి గదే!" అని మొదలుపెట్టబోతే మామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"యాసిడ్ ఎవరిచ్చారు?"

"ఆరాల బాబాయి."

"ఎందుకని అడగలా?"

"అడిగాడు. మరుగుదొడ్డికని చెప్పాను."

"బండలకని చెప్పుంటే సీసా ముట్టుకోనిచ్చేవాడు కాదు." తుండుగుడ్డ భుజాన వేసుకుని, "అమ్మాయ్, సోమారం నాడు ఏం పాఠం చెప్పావు?" అన్నాడు.

నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక నేల చీలితే బాగుండుననిపించింది. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే బుసబుస పొంగుతుందని, రాయి కరిగిపోతుందని, సుద్దముక్క మీద నిమ్మరసం పిండి మరీ చూపించాను క్లాసులో. సాయంత్రం ఇదే బండల మీద కూచుని ఆయనకీ చెప్పాను. పాఠంలో ఉన్న సున్నపురాయీ, నా కాళ్ల కింద ఉన్న నాపబండా ఒకటేనని బియస్సీ బీయెడ్‌కి తట్టలేదు.

"నువ్వు చెప్పిన పాఠం నేను చానా బాగా విన్నానమ్మాయ్," అన్నాడు మామయ్య. "నువ్వే వినలా."

ఆ మాటకి అత్త పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. మామయ్య నవ్వలేదు గానీ, ఆయన మీసం కొద్దిగా కదలడం నేను చూశాను. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

మర్నాడు ఆయన అటక మీది పాత పాలీషు రాళ్లు దించాడు. పొలం నుంచి రాగానే నీళ్లు చల్లుతూ ఆ మచ్చని రుద్దేవాడు. గరుకు రాయి, దానికంటే మెత్తది, ఆ తరవాత ఇంకా మెత్తది. నన్ను ఎదురుగా కూచోబెట్టి నీళ్లు పోయించేవాడు, పాఠం చెప్పించుకునేవాడు. ఒక్కోసారి మధ్యలో ఆపి, "అది నిజంగా అట్టాగే అవుద్దా? చూశావా నువ్వు?" అనేవాడు. పుస్తకంలో ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. టీచరుగా నేను నేర్చుకున్నదేమైనా ఉంటే ఆ సాయంత్రాల్లోనే నేర్చుకున్నాను. ఎన్నాళ్లు రుద్దాడో లెక్కలేదు. ఒకరోజు నూనె గుడ్డతో తుడిచి, పక్కకి తిరిగి కిటికీ వెలుతురులో చూసి, "ఇంకా తెలుస్తుందిలే" అన్నాడు. నాకు మాత్రం తెలియలేదు. అబద్ధమాడి తెచ్చిన యాసిడ్‌తో అంత మంచి మనిషి బండ మీద పెట్టిన మచ్చ కాబట్టి, తెలిసి ఉంటే బాగుండేదేమో.

మామయ్య పోయి ఏడేళ్లయింది. కిందటేడు అత్త కొడుకు, మా బావ, ఆ ఇంటికి మరమ్మతులు చేయించి, హాల్లో తెల్లటి టైల్స్ వేయించాడు. వెళ్లి చూస్తే బండలన్నీ పెకలించి ప్రహరీ గోడ వారన ఆనించి ఉన్నాయి. "కావాలంటే ఒకటి తీసుకుపో, మొక్కల కుండీ కిందికి పనికొస్తది" అన్నాడు బావ. నేను చెంబుతో నీళ్లు తెచ్చుకుని, ఎండలో గొంతుక్కూచుని ఒక్కొక్క బండ మీదా పోసి, అరచేత్తో తడిమి చూశాను. మామయ్య అరగదీసిన చోట పళ్లెమంత మేర కాస్త పల్లం తగలాలి, నీళ్లు కాసేపు నిలవాలి. జుట్టు నెరిసిన సైన్సు టీచరమ్మ చెంబు పట్టుకుని పాత బండల్ని తడుముతుంటే టైల్స్ పనివాళ్లు పని ఆపి చూశారు. నీళ్లు అన్నింటి మీదా ఒకేలా జారిపోయాయి. మొదటినుంచి మళ్లీ తడిమాను. ఒక్క బండ మీదైనా గుర్తు మిగల్చకూడదా మామయ్యా, ఏదని తీసుకుపోను నేను అని పైకే అనేసి, ముక్కు తుడుచుకుంటూ నవ్వుకుని, చివరికి వట్టి చెంబుతో లేచి వచ్చేశాను.