బొట్టు పెట్టిన బ్రేక్ ప్యాడ్లు

పోయిన వేసవిలో ఏలూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా కుడిపక్కన కూర్చున్నాయన ఒళ్ళో చిన్న అట్టపెట్టె ఉంది. దాని మీద పెట్టిన పసుపూ కుంకుమా ఎండి మసకబారాయి.

భీమడోలు దాటాక గేదె అడ్డమొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. చటుక్కున ఆయన ఎడమ చెయ్యి నా గుండెకు అడ్డంగా వచ్చింది.

"ఏమీ అనుకోకండి," అంటూ తీసేసుకున్నాడు.

ఊరుకోలేక పెట్టెలో ఏమిటని అడిగాను.

"కారు బ్రేక్ ప్యాడ్లండి. ఫోన్లో చూసి తెప్పించాను. కంపెనీ పెట్టె, కంపెనీ స్టిక్కరు, ఒక్క అక్షరం కూడా తేడా లేదండి. కొత్త వస్తువు ఏదొచ్చినా మా ఆవిడ బొట్టు పెట్టందే వాడనిచ్చేది కాదు."

ఒక ప్యాడ్ తీసి నా చేతిలో పెట్టాడు. "గోటితో గీకి చూడండి."

గీకాను. ఎండిన పిడకలా పొడిపొడిగా రాలింది.

"కొల్లేటి రోడ్డు మీద ముందున్న చేపల లారీ ఆగిందండి. ఎంత తొక్కినా మా కారు ఆగలేదు. మా ఆవిడ నా పక్క సీట్లోనే ఉంది. లారీలోంచి నీళ్ళు కారి రోడ్డు మీద బండి జారిందన్నారు అందరూ. మెకానిక్కు ఇవి విప్పి ఇచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నానండి."

ఆయన ప్యాడ్ తీసుకుని, కుంకుమ చెదరకుండా మూత పెట్టాడు.

తాడేపల్లిగూడెం బస్టాండులో బస్సు మళ్ళీ కుదుపుతో ఆగింది. ఆయన కుడికాలు నేలను తొక్కిపట్టింది. ఎడమ చెయ్యి నాకు అడ్డం వచ్చింది. ఈసారి ఆయన ఏమీ అనుకోవద్దనలేదు. జనమంతా దిగిపోయేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. నేను కదల్లేదు.