ఆహార శుభ్రతలో మొదటి బహుమతి

మహారాష్ట్రలోని సాస్తి బొగ్గుగని కాలనీలో ఉండే హర్షిత తొమ్మిదో తరగతి. బడిలో ఆహార శుభ్రత మీద పెట్టిన పోటీలో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. ఇక ఆ ఇంట్లో అన్నం తినడం పరీక్ష రాయడంలా తయారైంది. పాల ప్యాకెట్ వస్తే ముందు దాని మీది తారీఖు చదివేది. బొగ్గు గనిలో డ్యూటీ దిగి వచ్చిన తండ్రి రమేష్ గోళ్లు చూపించందే కంచం ముట్టనిచ్చేది కాదు. నాన్న తల్లి దుర్గమ్మ పొద్దుటి పప్పు సాయంత్రం దాకా పొయ్యి గట్టు మీదే ఉంచితే, దాంట్లో ఎన్ని క్రిములు పుడతాయో మరాఠీలో వివరించేది. పోటీ జరిగింది మరాఠీలోనే మరి. దుర్గమ్మ తలూపుతూ అంతా విని, ఆ పప్పే వడ్డించేది.

ఇంత తెలిసిన పిల్ల, బడి వదలగానే స్నేహితురాలు ఆశతో కలిసి గప్‌చుప్ బండి దగ్గర వాలేది. బండాయన కుండలో చేయి ముంచి పుల్లనీళ్లు నింపి పూరీలు అందిస్తుంటే, ఆమె చదువు మర్యాదగా పక్కకు తప్పుకునేది.

ఒకనాడు సాయంత్రం వాంతులు పట్టుకున్నాయి. ఏం తిన్నావని తల్లి వనిత అడిగింది. "పొద్దుగాలటి పప్పు" అనేసింది హర్షిత. తిన్నది నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

వనిత అత్తను ఒక్క మాటా అనలేదు. దుర్గమ్మే లేచి మిగిలిన పప్పు పారబోసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తెచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

"నాకు వాసన సక్కగ తెలుస్తలేదు బిడ్డా. ఇగ వంట మీ అమ్మనే చేస్తది."

హర్షిత ఆ నీళ్లు పక్కన పెట్టేసింది. గోడవైపు తిరిగి, "పప్పు కాదు బాపమ్మా, గప్‌చుప్" అంది.

దుర్గమ్మ మీదికి వంగి ఆమె ముఖం చూసింది. "గంత మంచిగుంటదా?"

హర్షిత తలూపింది. దుర్గమ్మకు నవ్వు ఆగలేదు. వనితకు మాత్రం నవ్వు రాలేదు, పిల్ల కోలుకునేదాకా ఆగి తిట్టాల్సినవన్నీ తిట్టింది.

తర్వాతి వారం హర్షిత ఆశనూ ఇంకొందరు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని బండి దగ్గరికి వెళ్లింది. గరిటె వాడితేనే తింటామని చెప్పి, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. బండాయన గొణుక్కుంటూనే గరిటె తెప్పించాడు. కుండలోని నీళ్లు ఎక్కడివని అడిగే ధైర్యం హర్షితకు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఉత్త పూరీలే తింటోంది.