అత్త చేతి నొప్పి

నా చిన్నప్పుడు నాకు ఇద్దరు తల్లులని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నన్నడిగితే మాత్రం ఒక్కతే అని చెప్పేదాన్ని, ఆ ఒక్కతీ మా అమ్మ కాదు, మా మేనత్త. నేను పుట్టిన ఏడాదికే తమ్ముడు పుట్టాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకుంది, అత్త నన్ను ఎత్తుకుంది. అత్త మా నాయినకు అక్క. పెండ్లైన కొన్నాళ్ళకే పెనిమిటి పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు తలంటు పోసేది అత్త, జడలు వేసేది అత్త, జొన్నరొట్టె పాలలో నలిపి తినిపించేది అత్త. పడుకునేటప్పుడు ఆమె కొంగు పిడికిట్లో పట్టుకుంటే గాని నాకు నిద్ర వచ్చేది కాదు. అమ్మ పిలిస్తే పలికేదాన్ని, అంతే. పక్కింటామె పిలిచినా అంతే పలికేదాన్ని.

మా ఊరు కోస్గి పక్కన. మాకొక గొర్లమంద, వాన మీద పండే కొంచెం చెలక ఉండేవి. ఊరి బయట క్రైస్తవ తెల్లదొరల బంగ్లా, దాన్ని ఆనుకొని చిన్న దవాఖాన ఉండేవి. దొర ప్రార్థనలు చేయించేవాడు, దొరసాని దవాఖాన చూసుకునేది. వాళ్ళకు పాప పుట్టినప్పుడు అత్తను ఆయాగా పెట్టుకున్నారు. పొద్దున్నే నాకు జడలు వేసి అత్త బంగ్లాకు పోయేది, పొద్దు గూకే వేళకు ఇంటికి వచ్చేది. బడి లేని రోజు నేనూ వెంటపడి పోయేదాన్ని.

అక్కడ చూడవలసింది పాప స్నానం. అత్త పీట మీద కూర్చుని, చీర పైకి మడుచుకొని, రెండు కాళ్ళూ బారజాపి, ఆ కాళ్ళ మీద పాపను బోర్లా పండుకోబెట్టుకునేది. నువ్వుల నూనె పట్టించి, శనగపిండితో నలుగు పెట్టి, వేడినీళ్ళు వీపు మీద మెల్లగా పోసేది. తుడిచి, ఊదు పొగ వేసేసరికి పాప కళ్ళు మూతలు పడేవి. మొదట్లో దొరసాని, బిడ్డ ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులూ చాపుకొని పక్కనే నిలబడేదట. పోనుపోను ఆమెకూ నమ్మకం కుదిరి, అత్త నీళ్ళు పోస్తుంటే గుమ్మంలో కూర్చుని నవ్వుతూ చూసేది. నాకు మాత్రం ఆ పాపంటే కడుపుమంట. మా అత్త కాళ్ళ మీద అదెందుకు పడుకోవాలని నా బాధ.

పాపకు మాటలు వస్తున్న రోజుల్లో దొరలు తమ దేశానికి, ఇంగ్లండుకు, పోవలసి వచ్చింది. దొరసాని మళ్ళీ కడుపుతో ఉంది, వాంతులతో మంచం దిగలేకపోయేది. పాపేమో అత్త చేతి ముద్ద తప్ప ముట్టదు. ఓడలో అన్ని రోజులు ఆ పిల్లను ఎవరు చూడాలి? మా వెంట రమ్మని దొరసాని అత్త చేతులు పట్టుకుని అడిగింది.

మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. అవ్వ, మా నాయిన తల్లి, ఏడ్చింది. "నీళ్ళ మీద పొయ్యేటోళ్ళు మల్ల వస్తరో రారో ఎవలికెరుక? ఆడ నీకేమన్న అయితే మాకు చెప్పేదెవలు?" అంది. తీసుకుపోయి వాళ్ళ మతంలో కలిపేసుకుంటారని ఊళ్ళో వాళ్ళు నాయినను భయపెట్టారు. నాయిన కాసేపు గొణిగి, చివరికి నీ ఇష్టమక్కా అన్నాడు. అత్త, "గా పిల్ల తల్లి మంచం దిగుతలేదు తమ్మీ. నేను రానంటే గా బిడ్డెట్లుంటది?" అని మాత్రం అందట.

ఆ బిడ్డ సంగతి సరే, ఈ బిడ్డ ఎట్లా ఉంటుందన్నది అసలు చిక్కు. అంతకు ముందోసారి అత్త చుట్టాలింటికి పోయి ఒక్క రాత్రి రాకపోతే జ్వరం తెచ్చుకున్న ఘనురాలిని నేను. అందుకే నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ మాటలన్నీ నేను పెద్దయిన తరువాత అవ్వ నోట విన్నవే.

దసరా వెళ్ళిన తరువాత అనుకుంటా, అత్తకు చెయ్యి నొప్పి మొదలైంది. పసుపు పూసి, మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది. నేను దువ్వెన పట్టుకుపోతే, "చెయ్యి లేస్తలేదు బిడ్డా, జర మీ అమ్మతోని ఏయించుకో" అంది. అమ్మకు నా తల కొత్త. చిక్కు తీయడానికి ఒకటే భయపడేది. "నొస్తాందా బిడ్డా?" అని ఎవరి పిల్లనో అడిగినట్టు అడిగేది. ఆమె వేసిన జడలు బడి చేరకముందే వదులైపోయేవి. అమ్మ జడలు వేస్తున్నంతసేపూ అత్త ఇంట్లో ఉండేది కాదు, గొర్లదొడ్డి ఊడవాలని బయటికి పోయేది.

చెయ్యి నొప్పి తగ్గలేదు గాని కొత్త రోగాలు వచ్చి చేరాయి. నడుము పట్టేసిందని తలంటు అమ్మకు అప్పజెప్పింది. పొయ్యి సెగకు కళ్ళు మండుతున్నాయని నాకు రొట్టె పెట్టడం మానేసింది. ఆఖరికి దగ్గు పట్టుకుంది, నీకంటుకుంటది నా పక్కల పండకు అని నా బొంత తీసి అమ్మ పక్కన పరిచింది. అంత జబ్బు మనిషి రోజూ బంగ్లాకు ఎట్లా పోయి వస్తోందని నాకప్పుడు తోచలేదు.

కానీ ఒకటి కనిపెట్టాను. "అవ్వా, అత్త కట్టు నిన్న కుడి చేతికుండె, ఇయ్యాల ఎడమ చేతికున్నది" అని అవ్వతో చెప్పాను. అవ్వ మొహం పొయ్యి వైపు తిప్పుకుని, నోరు మూసుకొని రొట్టె తినమంది. ఆ సాయంత్రమే బావి దగ్గర అత్త నిండు బొక్కెన చేదుతుండగా చూశాను. ఏ చెయ్యీ నొప్పి పుట్టినట్టు లేదు. నాకు అర్థమైంది ఒక్కటే. అత్తకు నేను చేదైపోయాను, ఉన్న ప్రేమంతా ఆ తెల్ల పాపకే పెట్టేసింది. గొర్లదొడ్డి వెనక నిలబడి కడుపారా ఏడ్చాను. ఆ తరువాత నాకు పంతం వచ్చింది. నువ్వు కాకపోతే నాకు అమ్మ లేదా అనుకున్నాను.

పంతానికి పోయి అమ్మ పక్కలో పడుకున్నదాన్ని, ఎప్పటి నుంచో తెలియదు, పంతం మరిచిపోయి పడుకోసాగాను. రొట్టెలో మాడిన అంచంటే నాకిష్టమని అమ్మ కనిపెట్టి, నాయినకు పెట్టకుండా విరిచి దాచి ఉంచేది. తన చిన్నతనంలో మేకపోతు పొడిచిన కథ చెప్పి మోకాలి మీది మచ్చ చూపించేది. అమ్మ ఇంత నవ్వుతుందని, ఇన్ని కబుర్లు చెబుతుందని నాకు అంతవరకు తెలియనే తెలియదు. జడలు కూడా గట్టిగా నిలబడసాగాయి.

అత్త ఇంగ్లండు పోతోందన్న సంగతి నాకు చెప్పింది అమ్మే, జడ వేస్తూ వేస్తూ చెప్పింది. చెప్పి, దువ్వెన ఆపి, నా మొహం తన వైపు తిప్పుకొని చూసింది. నేను మళ్ళీ ఎప్పుడొస్తదని అడిగాను. ఏడాదో, ఇంకొంచెమో అంది అమ్మ. సరేనన్నాను.

పోయే రోజు బంగ్లా ముందు జీపు నిలబెట్టారు. తాండూరులో రైలెక్కి బొంబాయి, అక్కడి నుంచి ఓడ. ఊరంతా వచ్చింది, సగం మంది జీపును చూడటానికి, సగం మంది నా ఏడుపు చూడటానికి. నేను ఏడవలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి, పోయిరా అత్తా అన్నాను. అత్త నా తల మీద చెయ్యి వేసి, పాపను ఎత్తుకుని జీపెక్కి కూర్చుంది. మలుపు తిరిగేదాకా చూశాను, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత రాతిగుండె అనుకున్నాను.

ఏడాది దాటి ఇంకొన్ని నెలలకు అత్త ఒక్కతే తిరిగి వచ్చింది. వాళ్ళకు రెండో బిడ్డ క్షేమంగా పుట్టాడట గాని దొరసానికి ఆరోగ్యం కుదురుకోలేదని, ఇక ఇటువైపు రావద్దని అక్కడి డాక్టర్లు చెప్పారట. మా ఇంటి ముందు జనం పోగయ్యారు. సూర్యుడు కనబడని దేశమని, ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకోవాలని అత్త చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని విన్నాం. పాప అమ్మమ్మ, ఆ ముసలి దొరసాని, అత్త కాళ్ళ మీద పిల్లను చూసి మొదటి రోజు కేకలు పెట్టిందట. వాళ్ళకు తొట్టిలో కడగడమే అలవాటు. చివరికి ఆమే చలిమంట ముందు నేల మీద చతికిలబడి, గౌను సర్దుకొని, బారెడు కాళ్ళు చాపి మనవణ్ణి పండుకోబెట్టుకుందట. అత్త లేచి ఆ దృశ్యం చేసి చూపిస్తే అవ్వ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఎవరో అడిగారు, మరి నిన్ను పోనిచ్చారా, ఉండమనలేదా అని. ఉండమన్నారు, చానా బతిమిలాడారు అంది అత్త. "పాపకు తల్లున్నది, అమ్మమ్మున్నది. నేనున్నంతకాలం గా పిల్ల వాళ్ళ దిక్కు చూడదు. అందుకే నాకు ఆడ గూడ చెయ్యి నొప్పొచ్చింది" అని మణికట్టు ఎత్తి చూపింది. అందరూ అయ్యో అన్నారు. చలికి కీళ్ళు పట్టేస్తాయని ఎవరో వైద్యం కూడా చెప్పారు.

నాకు మాత్రం ఆ కుడి చేతి కట్టు, ఎడమ చేతి కట్టు, నడుము, కళ్ళు, దగ్గు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అత్తకు నేను చేదు కాలేదు. నన్ను కొంచెం కొంచెంగా మా అమ్మకు అప్పజెప్పి పోయింది. అమ్మ వైపు చూస్తే, అమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమెకు ముందే తెలుసు.

మర్నాడు పొద్దున అమ్మ దువ్వెన నా చేతికిచ్చి అత్త దగ్గరికి పంపింది. అత్త చేతులు వెనక్కి దాచుకుని, "నా చెయ్యి నొస్తాంది, మీ అమ్మ దగ్గరికే పో" అంది.

"ఇగ చాలు తియ్యి వదినా, ఏయ్యి" అంది అమ్మ లోపలి నుంచి.

నేను అత్త ముందు కూర్చున్నాను. ఆమె చిక్కు తీస్తుంటే, తిరిగి చూడకుండానే, పాప ఏడ్చిందా అని అడిగాను. ఏడ్వలేదంది. అమ్మమ్మ చంకలో ఉండి నవ్వుకుంట చెయ్యూపిందంది.

"మరి నువ్వు?"

అత్త పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. "ఓడ కదిలినంక ఏడ్చిన. నువ్వు జీపుకాడ ఏడ్వలే సూడు, గప్పుడు గూడ గంతే. తాండూరు దాక ఏడ్సుకుంటనే పోయిన" అంది. నా పాపిట మీద ఏదో వెచ్చగా పడింది.

ఆమె ఎందుకు వెనక్కి తిరిగి చూడలేదో నాకు అప్పుడు తెలిసింది. అత్త కన్నుమూసి చాలా ఏళ్ళయింది. నా చేతుల మీదుగా ఎందరో పిల్లలు పెరిగారు, నా వాళ్ళు, తమ్ముడి వాళ్ళు, మనవలు. వాళ్ళలో ఎవరైనా నన్ను వదిలి తల్లి చెయ్యి పట్టుకుని నవ్వుతూ పోతుంటే, చూశావా ఎంత మమకారం లేని పిల్లలో అని ఇరుగుపొరుగు అంటారు. నాకు చిన్నబుచ్చుకోవాలనిపించదు. నవ్వుతూ పోనిచ్చి, బండి మలుపు తిరిగాక తలుపు దగ్గరికి వేసుకుని, నేను ఏడవవలసింది నేను ఏడుస్తాను.